మన చిన్న టీవీ గేమ్ డబ్బా కథ

మన స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల తండాల్లో ఒకప్పుడు ఎండాకాలం సెలవులంటే టీవీ గేమే. పసుపుపచ్చ క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది. తర్వాత అమెరికావాళ్ల పెద్ద డబ్బా ఫొటో చూసి, మనది చిన్నది కాబట్టే డూప్లికేట్ అనుకొని సిగ్గుపడ్డం. చరిత్ర వేరే చెప్తది.

1983 జులైలో నింటెండో జపాన్‌లో ఫ్యామికామ్ విడుదల చేసింది. అది చిన్నదే. అదే ఏడు అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. షాపులోళ్లు గేమ్ అంటేనే వద్దన్నరు. అందుకే 1985లో అక్కడికి పోయేటప్పుడు వీసీఆర్ లెక్క కనపడేటట్టు పెద్ద పెట్టె చేసి, ఎన్‌ఈఎస్ అని పేరు పెట్టిన్రు. క్యాసెట్ పిన్నులు 60 నుంచి 72 అయినయ్. క్యాసెట్ కూడా పెద్దగైంది, కానీ చాలావాటి లోపల సగం ఖాళీయే.

మన బజార్లకు వచ్చినవి ఎక్కువగా జపాన్ డబ్బాకు నకళ్లు. లైసెన్స్ లేదు, అది నిజమే. కానీ చిన్నగుండుడు తక్కువతనం కాదు, మొదలు పుట్టిన సైజే అది. పెద్దది షాపులోళ్ల భయం పోగొట్టడానికి వేసిన వేషం. ఏదైనా సైజు చూసి మనల్ని మనం తక్కువ చేసుకునే ముందు, అది ఎవరి కోసం అట్ల చేసిన్రో అడుగుదాం.

మీ ఇంట్ల ఆ డబ్బా ఇంకా ఉంటే ఫొటో పెట్టున్రి.