రాతిగుంటలో మన్ను పుట్టిన కథ



మన ఊళ్ల పొలిమేరలలో తవ్వి వదలివేసిన గుంటలు మీరందరూ చూచియున్నారు. పలనాటిలో సున్నపురాతి గుంటలున్నవి, గూడూరు ప్రాంతంలో అభ్రకపు గుంటలున్నవి. ఇక కంకర గుంటలు లేని చోటు అరుదు. “ఆ గుంటలో గడ్డిపోచ కూడా మొలవదండీ, దాని సంగతి మరచిపోవడమే మేలు” అని పెద్దలు అనడం కద్దు. ఆ మాట ఎంతవరకు నిజం? దీనికి జవాబుగా ఈనాడు ఒక గని చరిత్ర చెప్పుకుందాం. ఆ గని మన దేశంలోది కాదు. కాని అందులో మొదటి పని చేసిన చెట్టు మాత్రం మన తీరప్రాంతపు రైతుకు బాగా తెలిసినదే.

ఆఫ్రికా ఖండపు తూర్పుతీరాన కెన్యా దేశంలో మొంబాసా అనే రేవుపట్నం ఉన్నది. దానికి ఉత్తరాన బాంబూరి. అక్కడి నేల అడుగున ఉన్నది సున్నపురాయి. ఒకప్పుడు సముద్రంలో పెరిగిన పగడపు దిబ్బలే గట్టిపడి ఆ రాయి అయినది. 1954 నుండి ఒక సిమెంటు కర్మాగారం దానిని తవ్వుకుంటూ వచ్చింది. రాయి పోయిన తరువాత మిగిలినదేమిటి? మన్ను లేని తెల్లని రాతి గచ్చు. నీడ లేదు. కొద్దిలోతులోనే ఉప్పదనం గల నీరు.

1971లో ఆ గుంటను పచ్చగా చేసే పని రెనే హాలర్ చేతికి వచ్చింది. ఆయన స్విట్జర్లాండు దేశస్థుడు, వ్యవసాయం చదివినవాడు, ఆ కర్మాగారంలోనే తోటల పని చూస్తూ ఉండేవాడు. ఆయన ముందుగా చేసినది పరీక్ష. రాతిలో చిన్న చిన్న గుంతలు చేయించి 26 రకాల మొక్కలు నాటించాడు. నిలదొక్కుకున్నవి మూడే మూడు: కొబ్బరి, కోనోకార్పస్ జాతి చెట్టు, సరుగుడు. తక్కిన 23 రకాలూ చచ్చిపోయినవి. విస్తరణ కార్యకర్తలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చచ్చిన మొక్కలు కూడా పాఠం చెప్పినవే. 26 రకాలు పెట్టి చూడకపోతే ఆ మూడూ ఏవో తెలిసేది కాదు.

హాలర్ సరుగుడును ఎన్నుకున్నాడు. మనలో కొందరు దీనినే సర్వి అంటారు, కొందరు చౌకు అంటారు. ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది, ఇసుకలో కూడా పెరుగుతుంది. జనుము, పిల్లిపెసర వేళ్లకు బుడిపెలుంటాయి కదా, సరుగుడు వేళ్లకూ అటువంటి బుడిపెలే వస్తాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవి వేరు. దాని పేరు ఫ్రాంకియా. అది గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తుంది. అందుచేతనే మన్ను లేని చోట కూడా సరుగుడు బ్రతకగలదు. సరుగుడు నారు పోసేవారు పాత తోటలోని మట్టి కొంచెం తెచ్చి కలపడం ఇందుకే.

చెట్లు పెరిగినవి, నీడ వచ్చింది. అయినా పని కాలేదు. ఎందుచేతనంటారా? రాలిన ఆకు రాలినట్టే పడి ఉన్నది. సరుగుడు ఆకులో వగరు పదార్థం జాస్తి, అది తొందరగా కుళ్లదు. కుళ్లకపోతే ఎరువు లేదు, మన్ను లేదు. పైన అడవి, క్రింద మాత్రం అదే రాయి!

అప్పుడు ఆ ఎండుటాకును తినే ఒక పురుగు కంటబడింది. ఎర్రకాళ్ల రోకలిబండ. తాకితే చుట్ట చుట్టుకుంటుంది చూడండి, మన పిల్లలు పుల్లతో కదిపి ఆడుకుంటారు, ఆ జాతిదే. వాటిని వందలకొద్దీ తెప్పించి చెట్ల క్రింద వదిలారు. అవి ఆకును కొరికి నమిలి విసర్జించినవి. ఆ విసర్జన మీద సూక్ష్మజీవులు పనిచేసి నల్లని ఎరువుమన్ను చేసినవి. ఏళ్లు గడిచేకొద్దీ పొర మీద పొర పేరుకుంది. ఆ మన్నులో వందకు పైగా రకాల చెట్లూ పొదలూ నాటారు. మడుగులలో తిలాపియా చేపలు పెంచారు. పక్షులు వచ్చినవి. ఇప్పుడు దానిని హాలర్ పార్కు అంటారు. జిరాఫీలు, నీటిగుర్రాలు అక్కడ తిరుగుతూ ఉంటాయి.

ఇంతకూ ఈ కథలో మనకు పనికివచ్చేదేమిటి? చెట్టు నాటినంత మాత్రాన నేల బాగుపడదు. రాలిన ఆకు నేలలో కలిసినప్పుడే బాగుపడుతుంది. మన తీరంలో సరుగుడు ఆకు ఊడ్చి పొయ్యిలోకి తీసుకుపోతాం. వంటచెరకు లేని ఇంటి కష్టం తెలియనిది కాదు. కాని బాగుచేయదలచిన గుంటలో మాత్రం ఆ ఆకును ఊడ్వకండి, తగులబెట్టకండి. దాని క్రింద తిరిగే పురుగును మందు కొట్టి చంపకండి. అది కూలి అడగని పాలేరు.

మరొక మాట. సరుగుడు అన్ని గుంటలకూ మందు కాదు. బొగ్గుగని మట్టి వేరు, అభ్రకపు గుంట వేరు. ముందు మట్టీ నీరూ పరీక్ష చేయించి, నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా నాటి చూడండి. బ్రతికినదానినే పెంచండి.

అన్నిటికంటె ముఖ్యం, తవ్వకానికి భూమి ఇచ్చేటప్పుడే పైమట్టిని వేరుగా తీసి గట్టుగా పోయించి, దానిపై గడ్డి పెంచి కాపాడమని ఒప్పందంలో వ్రాయించుకోండి. పని ముగిసిన తరువాత తిరిగి పరిపించుకోవచ్చు. బాంబూరిలో ఏళ్ల తరబడి పురుగుల చేత పుట్టించవలసి వచ్చిన మన్ను మన చేలో ఇప్పుడే ఉన్నది. ముందు దానిని పోగొట్టుకోకుండా చూచుకుందాం.