ఆమ్లీకరణకు వెలుతురు ముడి: కోస్తాంధ్ర డయాటమ్‌లపై ఒక పరిశీలన

సముద్రపు ఆమ్లీకరణ డయాటమ్‌లకు మేలా, కీడా? వెలుతురు సంగతి తేల్చకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దాకా ఉన్న సముద్రోపరితల పీహెచ్ ఇప్పుడు 8.1కి దిగింది. తేడా చిన్నదిగా కనిపించినా, హైడ్రోజన్ అయాన్లు సుమారు 30 శాతం పెరిగాయని దానికి అర్థం.

సిలికా కవచం తొడుక్కున్న ఈ ఏకకణ శైవలాలు సముద్రాల ప్రాథమిక ఉత్పత్తిలో దాదాపు 40 శాతాన్ని అందిస్తాయి. వాటిలో కార్బన్‌ను పట్టుకునే రూబిస్కో ఎంజైము మందకొడిది. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ దానికి చాలదు. అందుకే కణం శక్తి వెచ్చించి బైకార్బొనేట్‌ను లోపలికి తోడుకుంటుంది. ఆ వాయువు నీటిలో పెరిగితే తోడే ఖర్చు తగ్గుతుంది. వెలుతురు తక్కువైన చోట ఆ ఆదా పెరుగుదలకు పనికొస్తుంది. ఎండ మండే చోట మాత్రం వాడుకోలేని శక్తి ఇంకా పోగై కాంతి నిరోధానికి దారితీస్తుంది. చైనాలోని షియామెన్‌లో కున్షాన్ గావ్ బృందం 2012లో చూపింది ఇదే: ఉపరితల కాంతిలో 22–36 శాతం అందే మేర దాటితే అధిక కార్బన్ డయాక్సైడ్ ప్రభావం లాభం నుంచి నష్టానికి తిరుగుతుంది.

మన తీరానికి వస్తే, గోదావరి ముఖద్వారంలో వర్షాకాలానికి ముందటి ప్లవకాలపై హైమంతి బిశ్వాస్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు పెరుగుదల హెచ్చింది. విలువైన ఫలితమే. అయితే సీసాలోని నీరు ఒకే వెలుతురులో ఉంటుంది; సముద్రంలో కణం పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది.

ఈ తేడా వాల్తేరు దగ్గర బాగా తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి కాలం నుంచీ ఇక్కడి ప్లవకాలను లెక్కిస్తున్నారు. ఆస్టెరియొనెల్లా జపానికా అనే డయాటమ్ విరివిగా పెరిగి నీటి రంగే మారిన ఉదంతాన్ని డి.వి. సుబ్బారావు 1969లో నమోదు చేశారు. వేసవి మొదట్లో అడుగు నీరు పైకి ఉబికినప్పుడు నైట్రేట్, సిలికేట్‌లతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. అంటే పోషకమూ ఆమ్లతా ఒకే నీటిలో చేరి, మసక వెలుతురుకు అలవాటుపడ్డ కణాలను మార్చి నెల ఎండలోకి తెస్తాయి. షేడ్‌నెట్ కింద పెంచిన మిరప నారును అలవాటు చేయకుండా మిట్టమధ్యాహ్నం చేలో నాటడం లాంటిదిది. నా అంచనాలో ఆమ్లీకరణ దెబ్బ తగిలేది ఈ అదనులోనే, వానాకాలపు బురద నీటిలో కాదు.

కృష్ణా ముఖద్వారం సంగతి వేరు. నాగార్జునసాగర్ వంటి జలాశయాలు ఒండ్రును పట్టేస్తాయి; సముద్రానికి చేరే నీరు తేటపడే కొద్దీ వెలుతురు లోతుకు దిగుతుంది. పత్తి, మిరప చేలకు వేసే యూరియాతో నత్రజని వస్తుంది గానీ సిలికా రాదు. అది రాళ్లు శైథిల్యమై నదితో రావలసిందే. కాబట్టి ఈ ముఖద్వారానికి చేరువలోని నిజాంపట్నం ఎదుట ఏ లోతున ఎంత కాంతి ఉందో పీహెచ్‌తో పాటే, మార్చిలోనూ ఆగస్టులోనూ విడివిడిగా కొలవాలి. ప్రయోగశాలలోనూ స్థిరమైన దీపం బదులు, అలలతో మారే కాంతినే డయాటమ్‌లపై ప్రసరింపజేయాలి.