పిల్లల చేతిలో ఏ గేమ్ ఉంది? పబ్జీ నుంచి మైన్‌క్రాఫ్ట్ దాకా విమర్శకులు ఏమంటున్నారు

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు చాలా ఇళ్లలో వీడియో గేమ్ అంటే ప్లేస్టేషనూ కాదు, కంప్యూటరూ కాదు. అబ్బా ఫోనో, అమ్మీ ఫోనో. అదే ఫోన్‌లో యూపీఐ ఉంటుంది, బ్యాంకు ఓటీపీలు వస్తాయి, చుట్టాల వాట్సాప్ గ్రూపులూ ఉంటాయి. అందుకని ‘గేమ్‌లు మంచివా, చెడ్డవా’ అని అడిగితే ఒక్క మాటలో జవాబు దొరకదు. లూడో ఆడే పిల్లాడి సమస్య వేరు, పబ్జీ ఆడేవాడిది వేరు, రోబ్లాక్స్‌లో తెలియనివాళ్లతో మాట్లాడే పాపది వేరు.

విమర్శకుల అభ్యంతరాలను గమనిస్తే ముఖ్యంగా నాలుగు కనిపిస్తాయి. ఒకటి డబ్బు. రెండు హింస. మూడు, ఒక మతాన్నో ప్రాంతాన్నో చూపించే తీరు. నాలుగు, సమయం, తెలియనివాళ్లతో పరిచయాలు. ఏ గేమ్ మీద ఏ విమర్శ వచ్చిందో విడివిడిగా తెలిస్తేనే ఇంట్లో ఏది ఆపాలో, ఏది ఉండనివ్వాలో తేల్చుకోవచ్చు.

పబ్జీ, బీజీఎంఐ

పబ్జీ మొబైల్ 2018లో వచ్చింది. ఒక దీవిలో వంద మంది దిగుతారు, ఆఖరి దాకా మిగిలినవాళ్లు గెలుస్తారు. ఒక్క ఆట అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపడానికి వీలుండదు. ‘అన్నానికి రా’ అని పిలిస్తే ‘ఒక్క నిమిషం’ అనే జవాబు ఇక్కడినుంచే వస్తుంది. లేచి వస్తే జట్టులో మిగతా ముగ్గురు ఓడిపోతారు. గేమ్ విశ్లేషకులు దీని కట్టుదిట్టమైన ఆటతీరును మెచ్చుకున్నారు. తల్లిదండ్రులు, టీచర్లు మాత్రం అది తినేసే సమయాన్ని తప్పుపట్టారు. ఈ గొడవ ఎంత దూరం వెళ్లిందంటే, 2019 జనవరిలో ‘పరీక్షా పే చర్చా’లో ఒక తల్లి కొడుకు గేమ్‌ల గురించి అడిగితే ప్రధాని మోదీ పబ్జీ పేరే ఎత్తారు.

ముస్లింల నుంచి వచ్చిన అభ్యంతరం వేరే. 2020 జూన్‌లో ‘మిస్టీరియస్ జంగిల్’ అనే కొత్త మోడ్ పెట్టారు. అందులో ఆటగాడి బొమ్మ ఒక విగ్రహం ముందు వంగితే ఆటలో బలం వస్తుంది. గల్ఫ్ దేశాల్లో నిరసనలు వచ్చాయి, ఈజిప్టులోని అల్ అజ్‌హర్ ఫత్వా కేంద్రమూ తప్పుపట్టింది. కంపెనీ ఆ భాగాన్ని తీసేసి క్షమాపణ చెప్పింది.

మన దేశంలో 2020 సెప్టెంబర్ 2న కేంద్రం దీనితో సహా 118 యాప్‌లను నిషేధించింది. కారణం హింస కాదు, దేశ భద్రత, వినియోగదారుల సమాచారం. 2021 జులైలో కొరియా కంపెనీ క్రాఫ్టన్ దీన్నే బీజీఎంఐ పేరుతో తెచ్చింది. 2022 జులైలో అదీ ఆగి, 2023 మే నెలలో షరతులతో తిరిగొచ్చింది. ఇందులో 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి ఉంది. కానీ పిల్లాడు తన వయసు 20 అని నొక్కితే ఆ పరిమితి ఎందుకూ పనికిరాదు.

ఫ్రీ ఫైర్

సింగపూర్ కంపెనీ గరెనా 2017లో తెచ్చిన ఈ గేమ్ తక్కువ ధర ఫోన్లలోనూ, బలహీనమైన నెట్‌లోనూ నడుస్తుంది. చిన్న ఊళ్లలో పబ్జీ కంటే ఇది త్వరగా పాకడానికి కారణం అదే. యాభై మందితో, పది నిమిషాల్లో ఒక ఆట అయిపోతుంది. విమర్శ ఎక్కువగా వచ్చింది ‘డైమండ్’ల మీద. అసలు డబ్బు పెట్టి డైమండ్లు కొనాలి, వాటితో బట్టలు, తుపాకుల రంగులు తీసుకోవాలి. కొన్నింటిని నేరుగా కొనలేరు, ‘లక్ రాయల్’ అనే చక్రం తిప్పాలి. ఏం వస్తుందో ముందు తెలియదు. డబ్బు పెట్టి అదృష్టం కోసం తిప్పడం జూదానికి ఎంత దగ్గర అన్నది ప్రపంచమంతా నడుస్తున్న చర్చ. ఇలాంటి ‘లూట్ బాక్సు’లు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది.

ఫ్రీ ఫైర్‌ను మన దేశంలో 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. దాని అన్న లాంటి ‘ఫ్రీ ఫైర్ మ్యాక్స్’ మాత్రం కొనసాగింది. అందుకే ‘అది బ్యాన్ అయిపోయిందిగా’ అని ఊరుకోవడానికి లేదు.

రమ్మీ, లూడో: సరిహద్దు దాటితే మారిన చట్టం

డబ్బు పెట్టి ఆడే ఆటల విషయంలో భద్రాచలం కథ ప్రత్యేకం. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక వైపు ఊళ్లు ఆంధ్రకు వెళ్లాయి.

రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది. ఆ కేసు కూడా మన తెలుగు నేలదే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్‌కు సంబంధించింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు దశాబ్దాల తర్వాత ఆ తీర్పునే అడ్డం పెట్టుకున్నాయి. తెలంగాణ 2017 జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, నైపుణ్యం ఉన్నా సరే, ఆన్‌లైన్‌లో పందెం కాస్తే నేరమే అంది. ఆంధ్రప్రదేశ్ అదే పని చేసింది 2020 సెప్టెంబర్‌లో. అంటే మూడేళ్లకు పైగా భద్రాచలంలో నేరమైన ఆట, ఊరు దాటి ఆంధ్ర వైపు అడుగుపెడితే నేరం కాదు. ఫోన్ ఏ రాష్ట్రంలో ఉందని లొకేషన్ చూపిస్తే ఆ చట్టమే వర్తించేది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకమైంది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఇది నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ శిక్ష ఉంది. ఆడేవాళ్లను మాత్రం నేరస్తులుగా చూడలేదు. అంటే డబ్బు పోగొట్టుకున్న కుర్రాడు భయపడి దాచాల్సిన అవసరం లేదు, ఫిర్యాదు చేయొచ్చు. ఇ-స్పోర్ట్స్‌ను, పందెం లేని మామూలు గేమ్‌లను ఈ చట్టం వేరుగా చూసింది.

లూడో విషయంలో రెండు మాటలు. మన పచ్చీసు ఆటనే కొద్దిగా మార్చి ఇంగ్లండులో 1896లో లూడో పేరుతో పేటెంట్ తీసుకున్నారు. 2016లో వచ్చిన ‘లూడో కింగ్’ లాక్‌డౌన్‌లో ఇంటింటికీ చేరింది. పందెం లేకుండా ఆడే లూడో వేరు, ఎంట్రీ ఫీజు కట్టి ఆడే లూడో వేరు. పందెం ఉంటే అది మైసిర్ అనడంలో ఉలమాలో భేదం లేదు. పందెం లేకున్నా పాచికల ఆటల మీద ఎక్కువమంది ఉలమా అభ్యంతరం చెబుతారు. చదరంగం విషయంలో మాత్రం షరతులతో ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు, వద్దన్నవాళ్లూ ఉన్నారు.

కాల్ ఆఫ్ డ్యూటీ: శత్రువు ముఖం ఎవరిది?

తుపాకీ గేమ్‌లలో దీనికి పెద్ద పేరు. సాంకేతికంగా గొప్పగా ఉంటుందని సమీక్షకులు మంచి మార్కులే వేస్తారు. అసలు విమర్శ మరోచోట ఉంది. చెక్ పరిశోధకుడు విట్ షిస్లర్ 2008లో పాశ్చాత్య గేమ్‌లలో అరబ్బులను చూపించే తీరు మీద వ్యాసం రాశారు. యుద్ధం గేమ్‌లలో అరబ్బు, ముస్లిం అంటే పేరూ మాటా లేని శత్రువు, లేకపోతే కత్తులూ ఒంటెలూ ఉన్న కట్టుకథ మనిషి. మామూలు జీవితం గడిపే మనిషిగా కనిపించడం అరుదు. ఇది ఆయన వాదన సారాంశం.

దీనికి ఒక చిన్న ఉదాహరణ చాలు. 2009లో వచ్చిన ‘మోడర్న్ వార్‌ఫేర్ 2’లో కరాచీ నగరం ఉంది. అక్కడి గోడల మీద, బోర్డుల మీద ఉర్దూ బదులు అరబీ కనిపిస్తుంది. ఉర్దూ చదవగలిగిన ఏ ఇంట్లోనైనా ఈ తప్పు క్షణంలో పట్టేస్తారు. 2021లో వచ్చిన ‘వ్యాన్‌గార్డ్’లో ఖుర్‌ఆన్ పేజీలు నేల మీద పడి ఉన్న దృశ్యం బయటపడింది. కంపెనీ క్షమాపణ చెప్పి దాన్ని తీసేసింది.

అసాసిన్స్ క్రీడ్ మిరాజ్: బాగ్దాద్‌ను చూపిన గేమ్

2023 అక్టోబర్‌లో వచ్చిన ఈ గేమ్ తొమ్మిదో శతాబ్దపు అబ్బాసీ బాగ్దాద్‌లో నడుస్తుంది. హీరో పేరు బాసిమ్. సంభాషణలు పూర్తిగా అరబీలో వినే వీలుంది. గుండ్రటి నగరం, బజార్లు, బైతుల్ హిక్మా ఉన్నాయి, వాటి చరిత్ర చెప్పే నోట్సూ ఉన్నాయి. నగరాన్ని ప్రేమగా కట్టారని చాలామంది సమీక్షకులు మెచ్చుకున్నారు. కథ పలచగా ఉందని, ఆటతీరు పాతదేనని అదే సమీక్షల్లో రాశారు.

ముస్లిం నగరాన్ని గౌరవంగా చూపినంత మాత్రాన ఇది పిల్లల గేమ్ అయిపోదు. హీరో పని చంపడమే, ఐరోపాలో దీనికి 18 ఏళ్ల రేటింగ్ ఇచ్చారు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇది నడవదు కూడా.

మైన్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్

మైన్‌క్రాఫ్ట్ 2011లో పూర్తి రూపంలో వచ్చింది. 2023 నాటికి 30 కోట్లకు పైగా అమ్ముడైంది. దిమ్మెలు పేర్చి ఇల్లు, వంతెన, మసీదు ఏదైనా కట్టొచ్చు. వీధులు, పార్కులు ఎలా ఉండాలో స్థానికులతోనే గీయించడానికి ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ 2012 నుంచి దీన్ని వాడింది. విమర్శకులు ఎక్కువగా మెచ్చిన గేమ్‌లలో ఇదొకటి. జాగ్రత్త ఒక్కటే: బయటి సర్వర్లలో చేరితే ఎవరెవరో మాట్లాడతారు.

రోబ్లాక్స్ మీద ఆ అభ్యంతరమే ఇంకా గట్టిగా వచ్చింది. అది ఒక్క గేమ్ కాదు, లక్షల గేమ్‌ల సంత. పెద్దవాళ్లు పిల్లల్లా నటించి పరిచయం పెంచుకుంటున్నారన్న ఫిర్యాదులు చాలా దేశాల్లో వచ్చాయి. తుర్కియే 2024లో, ఖతర్ 2025లో దీన్ని నిలిపేశాయి.

పరిశోధన ఏం చెబుతోంది?

హింస ఉన్న గేమ్ ఆడితే పిల్లలు హింసకు దిగుతారా? అమెరికా మానసిక శాస్త్రవేత్తల సంఘం 2015లో కోపం, దురుసుతనంతో సంబంధం ఉందని చెప్పింది. కానీ నేరాలకు, పెద్ద హింసకు కారణమని చెప్పే ఆధారం చాలదంది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల 1,004 మంది బ్రిటన్ పిల్లలను పరిశీలిస్తే ఆ సంబంధం కనిపించలేదు.

వ్యసనం సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను జబ్బుల జాబితాలో చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. రోజూ ఆడటమే జబ్బు కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, చదువూ నిద్రా మనుషులూ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆడుతూనే ఉండటం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగడం దాని గుర్తులు. కొందరు పరిశోధకులు ఈ పేరు పెట్టడాన్నే వ్యతిరేకించారు. దిగులు, ఒంటరితనం అసలు కారణమై గేమ్ పైకి కనిపించవచ్చని వాళ్ల వాదన. ఫోన్ లాక్కునే ముందు పిల్లాడి మనసులో ఏముందో అడగమని దీని అర్థం.

ఇంట్లో చూసుకోవాల్సినవి

గేమ్ పేరు, వయసు: ప్లే స్టోర్‌లో ప్రతి గేమ్ కింద 3+, 7+, 12+, 16+, 18+ అని రాసి ఉంటుంది. అది కింద ఉండే స్టార్ల కంటే ముఖ్యం. స్టార్లు ఆట బాగుందా లేదా అని చెబుతాయి, మీ పిల్లాడికి తగునా అని చెప్పవు.

డబ్బు: కొన్న ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్ సెట్టింగ్ మార్చుకోవాలి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకూడదు.

సమయం: గంటలతో కాకుండా ఆటలతో లెక్క పెడితే గొడవ తగ్గుతుంది. ‘మగ్రిబ్ అజాన్‌కు ముందు రెండు ఆటలు, అంతే’ అంటే పిల్లలకు అర్థమవుతుంది, ఆట మధ్యలో ఫోన్ లాక్కోవాల్సిన పనీ ఉండదు.

మాటలు: వాయిస్ చాట్‌లో ఎవరున్నారో అడగాలి. ఇయర్‌ఫోన్ తీయించి పది నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు, చాలా సంగతులు తెలుస్తాయి.

డబ్బు మోసం జరిగితే వెంటనే 1930కు, పిల్లాడు ఆట మానలేక కుంగిపోతుంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. రెండూ ప్రభుత్వ నంబర్లే. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, ముఖ్యంగా పోయిన డబ్బు విషయంలో.