సున్నుండల్లో ఎవరి నెయ్యి?

మా అమ్మమ్మ సున్నుండలు రెండు రకాలుగా చుట్టేది. ఇత్తడి డబ్బాలోవి అల్లుళ్ళకి, పురిటికొచ్చిన కూతుళ్ళకి. మూత సరిగా పట్టని పాత డాల్డా డబ్బాలోవి పిల్లలకి, పొలం పనికొచ్చినవాళ్ళకి, తనకి. రెండింట్లోనూ అదే మినప్పిండి, అదే బెల్లం. రెండోవి మాత్రం అంగిలికి మైనంలా అంటుకునేవి. తెనాలికీ రేపల్లెకీ మధ్య ఊరు మాది. దొడ్లో రెండు గేదెలుండేవి. మరి నెయ్యి ఏమయ్యేది?

అమ్ముడుపోయేది. గుంటూరు నెయ్యి అన్న పేరుకే బజార్లో విలువ ఉండేది కదా. తెల్లారకముందే లేచి చల్ల చిలికి, వెన్న కాచేది అమ్మమ్మే. నేతి డబ్బు మాత్రం ఆమె కొంగున ముడిపడేది. తర్వాత ఊళ్ళోకి పాల కేంద్రం వచ్చింది. పాలు పాలుగానే పోయాయి. పుస్తకం తాతయ్య పేరున రాశారు. కవ్వం అటకెక్కింది, కొంగు ముడి ఊడింది.

ఆ ఖాళీలోకే డాల్డా వచ్చింది. 1937లో లీవర్ కంపెనీ దాన్ని బజార్లోకి తెచ్చింది. నెయ్యి లాంటి సరుకుల నాణ్యతకు ముద్ర వేసే ఆగ్‌మార్క్ చట్టం వచ్చిందీ ఆ ఏడే! నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టిస్తే వనస్పతి అవుతుంది. మొదట్లో ఎక్కువగా వాడింది వేరుశనగ నూనె, మన బాపట్ల ఇసుక నేలల్లో పండే పంటే. నెయ్యి ఒంటి వేడికి కరుగుతుంది. వనస్పతి 31 నుంచి 41 డిగ్రీల మధ్య కరగాలని నిబంధన పెట్టారు. ఆ పై అంచున ఉన్న సరుకు నోట్లో ఎలా కరుగుతుంది? మా అంగిళ్ళ రహస్యం అదీ.

గాంధీ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. స్వాతంత్ర్యం వచ్చాక నిషేధించాలని పార్లమెంటులో బిల్లే పెట్టారు. నేతిలో కలపకుండా రంగు వేద్దామన్నారు, తగిన రంగు కుదరలేదు. చివరికి వనస్పతిలో నూటికి ఐదు పాళ్ళు నువ్వుల నూనె ఉండాలన్నారు. అనుమానం వచ్చిన నేతిలో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పంచదార వేసి కలిపితే ఎర్రబారి దొరికిపోతుంది. నెయ్యి పవిత్రత గురించి అంత చర్చ జరిగింది గానీ, చల్ల చిలికే చేతుల మాట నేను చదివినవాటిలో ఎక్కడా కనబడలేదు.

డాల్డాని తిట్టిపోయడం కూడా నాకిష్టం లేదు. బాపట్లలో మా పిన్ని మైదాలో డాల్డా దట్టించి మడత కాజాలు చేస్తే పొరలు పొరలుగా గుల్లగా విచ్చుకునేవి. నేతితో ఆమెకి అలా ఎప్పుడూ కుదరలేదు. నెయ్యి కొనలేని ఇళ్ళల్లో పండగపూట ఏదో ఒక తీపి దొరికిందంటే ఆ పచ్చడబ్బా పుణ్యమే.

కానీ రేపల్లెలో ఒక పెళ్ళి గుర్తుంది. బొబ్బట్లు తుంచి వాసన చూసి వియ్యంకుడు విస్తరి ముందునుంచి లేచాడు. నేతికి డబ్బు చాలదు, డాల్డా తెప్పించమన్నది పెదనాన్న. నలుగురిలో తలదించుకుని నిలబడింది పెద్దమ్మ. "నేతి బీరకాయలో నెయ్యెంతో మీ మర్యాదా అంతే" అని ఆడపడుచు ఆమెనే అంది. పెదనాన్న పందిట్లో తాంబూలం అందిస్తూనే ఉన్నాడు.

1983లో వనస్పతిలో దిగుమతైన పశువుల కొవ్వు కలిసిందని దేశమంతా గగ్గోలు పుట్టినప్పుడు కూడా, మా ఇంట్లో "ఏం పెట్టావే మాకు ఇన్నాళ్ళూ?" అన్న ప్రశ్న అమ్మమ్మకే తగిలింది. తర్వాత గుండెకి చేటు చేసేది అందులోని ట్రాన్స్ కొవ్వు అని తేలింది. 2022 జనవరి నుంచి అది నూటికి రెండు పాళ్ళు మించకూడదన్నారు. ఇన్నేళ్ళూ ఆ రెండో డబ్బాలోంచి తిన్నవాళ్ళెవరో లెక్క చూస్తే, అందులో అమ్మమ్మ ముందుంటుంది.

ఇప్పుడు నేను దుకాణంలో కొన్న నేతితో చుట్టి అన్నీ ఒకే డబ్బాలో పెడుతున్నాను. మా అమ్మ మాత్రం వాటిలో విరిగినవి ఏరి తన పళ్ళెంలో వేసుకుంటుంది.