కొండపల్లి బొమ్మకు పొణికి కర్రే ఎందుకు?

కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి, మన అడవుల్లో దొరికే కర్రల్లో బాగా మెత్తనిది, తేలికైనది. గోరుతో గట్టిగా నొక్కితే గుర్తు పడుతుంది. బండి చక్రాలకు వాడే నల్లతుమ్మ మీదైతే గోరు జారిపోతుంది.

కర్ర గట్టిదనాన్ని కొలవడానికి జాంకా పరీక్ష ఉంది. 11.28 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గుండును కర్రలోకి సగం దిగేదాకా నొక్కి, ఎంత బలం పట్టిందో చూస్తారు. గుండు సగం దిగితే గుంట నోరు ఒక చదరపు సెంటీమీటరు ఉంటుంది. టేకుకు సుమారు 1,100 పౌండ్ల బలం కావాలి. మన దేశంలో టేకును 100గా పెట్టుకుని మిగతా కలపల గుణాలను దానితో పోల్చి చెప్పే పద్ధతి కూడా ఉంది. ఆ లెక్కన గట్టిదనంలో నల్లతుమ్మ టేకును మించుతుంది, పొణికి ఎంతో కింద నిలుస్తుంది. కణాల గోడలు మందంగా, లోపలి ఖాళీలు ఇరుకుగా ఉన్న కర్ర బరువుగానూ గట్టిగానూ ఉంటుంది. ఎర్రచందనం చేవ నీళ్లలో మునిగేది అందుకే.

గట్టి కర్రే మేలైన కర్ర అనే మాట కొండపల్లిలో చెల్లదు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించిన కోట కింద ఈ పని చేసే ఆర్యక్షత్రియుల పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు. వారి పనికి కొండ మీది అడవిలోని పొణికి సరిగ్గా సరిపోయింది. కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ తీస్తారు. ఉలితో మొండెం చెక్కి, చేతులు, తల, కావడి వేరువేరుగా చేసి, ఆకురాయితో నున్నగా చేస్తారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. మక్కులోనూ ఉన్నది కర్ర పొట్టే కాబట్టి అతుకు బొమ్మలో కలిసిపోతుంది. పైన సుద్ద, ఆపైన రంగులు. తాడిచెట్టెక్కే గీతగాడి బొమ్మలో పుల్లంత సన్నని చేతులను టేకులో చెక్కాలంటే పనీ పెరుగుతుంది, ధరా పెరుగుతుంది.

లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాకలో పని వేరు, కర్రా వేరు. అక్కడ లేతు మీద తిరిగే కర్రకు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికి అది కరిగి అంటుకుంటుంది. ఆ పనికి సన్నని, ఒకే తీరు పొర ఉన్న అంకుడు కర్ర కావాలి.

కొండపల్లి అడవిలో పొణికి పలచబడింది. చెట్టు లావెక్కడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, నరికినచోట నాటడమే కాదు, నాటినదాన్ని ఎదిగేదాకా కాపాడడమూ బొమ్మల పనిలో భాగమే.