పచ్చిక క్రింద పల్లె

ఇంగ్లండులోని యార్క్‌షైర్ సుద్దరాతి కొండల నడుమ ఒక చిన్న లోయ ఉన్నది. పైకప్పు లేని ఒక చర్చి, ఒక చెరువు, తరువాతి కాలంలో కట్టిన చిన్న ఇళ్ళ వరుస, మిగిలినదంతా పచ్చిక. సాయంకాలపు ఏటవాలు ఎండలో ఆ పచ్చికను పరికించి చూస్తే గట్లు, పల్లాలు బారులు తీరి కనిపిస్తాయి. అవి ఇళ్ళ పునాదులు, దొడ్ల హద్దులు, ఊరి వీధి. ఈ పల్లె పేరు వారమ్ పెర్సీ. అది పాడుపడి సుమారు 500 సంవత్సరాలైనది.

1948లో మారిస్ బెరెస్‌ఫర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు ఈ చోటికి వచ్చినారు. 1950లో మొదలైన త్రవ్వకాలు 1990 దాకా వేసవి వేసవికీ సాగినవి. పురాతత్త్వవేత్త జాన్ హర్స్ట్ కూడ ఆయనకు తోడైనారు. కోటలను, మఠాలను త్రవ్వేవారే గాని సామాన్య రైతు ఇంటిని త్రవ్వి చూచినవారు అంతకుముందు అరుదు. ఇక్కడ సన్నని కందకాలు త్రవ్వి ఊరుకోక, ఇల్లున్నంత మేర పచ్చికను ఎత్తివేసి పొరపొరగా పరిశీలించినారు.

గోడలు పలుమార్లు తిరిగి కట్టినట్లు తేలినది. కాబట్టి రైతు ఇల్లు తరానికొకసారి కూలే నాసిరకపు గుడిసె అని మొదట తలచినారు. తరువాత ఈ భావం మారినది. నేలనుండి కొప్పు వరకు వంగిన పెద్ద దూలాలను జంటలుగా నిలిపి, కప్పు బరువంతా వాటిమీదనే మోపేవారు. గోడ కేవలం చాటు. అది పాడైతే ఇంటిని కదల్చకుండానే మరల కట్టుకోవచ్చు. గోడ శిథిలమైనంత మాత్రాన గృహస్థును దరిద్రుడనడం తొందరపాటే!

జనాభా లెక్కలు లేని కాలానికి చర్చియే ఒక లెక్క. ఊరు పెరిగినప్పుడు దానికి ప్రక్క భాగాలు చేర్చినారు. తగ్గినప్పుడు వాటిని పడగొట్టి, తోరణాలను రాళ్ళతో మూసివేసినారు. ఆ మూసిన తోరణాలను నేటికీ చూడవచ్చు. శ్మశానంలో దాదాపు 700 అస్థిపంజరాలు దొరికినవి. తల్లిపాలు త్రాగే శిశువు ఎముకలలో బరువైన నత్రజని పాలు ఎక్కువగా ఉంటుంది. దానిని కొలిచి, ఇక్కడి పిల్లలు సుమారు 18 నెలల వయస్సుకు పాలు మానినారని తెలుసుకొన్నారు. అయితే వారి ఎదుగుదల నేటి పిల్లలకంటె చాల వెనుకబడి ఉన్నది.

ఊరు ఎందుకు పోయినది? 1348–49 నాటి మహామారియే కారణమని చాలమంది అనుకొంటారు. కాని ఆ శతాబ్ది చివరి భాగంలో కూడ సుమారు 30 ఇళ్ళలో జనమున్నారు. మహామారి మనుషులను తగ్గించి కూలి పెంచినది. ధాన్యానికి గిరాకీ తగ్గినది, ఉన్నికి నిలిచినది. దున్నే పొలానికి ఎందరో కావాలి. గొర్రెల మందకు ఒక కాపరి చాలు. భూస్వాములు లెక్క వేసుకొన్నారు. 1517లో ప్రభుత్వం ఇట్టి వ్యవహారాలపై విచారణ జరిపినప్పుడు, వారమ్ పెర్సీలో హిల్టన్ ప్రభువు నాలుగు ఇళ్ళను పాడుపెట్టినట్లు, నాలుగు నాగళ్ళు ఆగిపోయినట్లు నమోదైనది. అంతకు కొంచెం ముందే, 1500 ప్రాంతంలో, చివరి కుటుంబాలు వెళ్ళిపోయినవి. ఎక్కడికి పోయినారో ఆ కాగితంలో లేదు.

చర్చి మాత్రం ఊరు పోయిన తరువాత కూడ బ్రతికినది. 19వ శతాబ్దిలో తమకు వేరే చర్చి ఏర్పడేవరకు పొరుగున ఉన్న థిక్సెండేల్ వాసులు ఇక్కడికే నడచివచ్చేవారు. 1959లో దాని గోపురంలో కొంత భాగం కూలిపోయినది. ఇంగ్లండులో ఇట్లు పాడుపడిన మధ్యయుగపు పల్లెలు 3,000కు పైగా గుర్తింపబడినవి.