గర్భిణి మింగే మాత్ర వెనుక భీమవరం చరిత్ర

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రను మీరు చూసే ఉంటారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఈ రెండవ పదార్థపు చరిత్రలో మన గోదావరి సీమకు చోటున్నది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, గర్భిణులలో కనిపించే తీవ్ర రక్తహీనతను పరిశోధించారు. పేద కుటుంబాల స్త్రీలు, ముఖ్యంగా బట్టల మిల్లులలో పనిచేసేవారు, దానికి ఎక్కువగా గురయ్యేవారు. ఈస్టు సారంతో వారు కోలుకుంటున్నారని ఆమె 1931లో ప్రకటించారు. అందులోని పదార్థమేదో అప్పటికి తెలియదు.

ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు మన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలో చదువుకుని, 1922లో అమెరికా వెళ్లారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. 1940లో లెడర్లే సంస్థలో చేరిన తరువాత, ఆయన నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగారు. అది స్ప్రూ చికిత్సకు సైతం ఉపకరించింది.

శాస్త్రజ్ఞులు మొదట దీనిని ఒక సూక్ష్మజీవి పెరుగుదలకు అవసరమైన వృద్ధి కారకంగా గుర్తించారు. నేడు వృద్ధి కారకాలంటే ఎక్కువగా కణాలకు సంకేతాలిచ్చే ప్రొటీనులు. ఇన్సులిన్‌ను పోలిన వృద్ధి కారకం అటువంటిదే. మాయ ద్వారా బిడ్డకు పోషకాలు చేరడంలో దానికి పాత్ర ఉన్నది. అయితే సంకేతం అందినంత మాత్రాన కణం విభజన పొందజాలదు. కొత్త డీఎన్ఏ నిర్మాణానికి సామగ్రి కావాలి. ఫోలేటు లేనిదే ఆ సామగ్రి సిద్ధం కాదు. గర్భాశయపు గోడలోకి వేళ్లూనే మాయ కణాలు అతివేగంగా విభజన పొందుతాయి కనుక వాటికి ఇది అత్యవసరం. మాయ తన ఉపరితలంపైనున్న గ్రాహకాలతో తల్లి రక్తంలోని ఫోలేటును పట్టి బిడ్డకు అందిస్తుంది. అందుచేతనే బొడ్డుతాడు రక్తంలో ఫోలేటు తల్లి రక్తంలోకన్న ఎక్కువగా ఉంటుంది.

ఈ సత్యాన్ని మరొక వైపునుంచి నిరూపించినదీ సుబ్బారావు బృందపు కృషే. ఫోలేటును అడ్డగించే అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాను తాత్కాలికంగా అదుపుచేశారు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే మందు గర్భస్రావాలకు, శిశువులలో అవకరాలకు కారణమవుతుందని 1952లో తెలిసింది. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్, మాయ కణాలనుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సరును 1950 దశకంలోనే నయం చేసింది. మాయకు ప్రాణమైనదాన్ని ఆపడమే అక్కడ చికిత్స అయింది.

1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి మరొక ఫలితం వెల్లడించింది. వెన్ను, మెదడు లోపాలున్న బిడ్డను అంతకుముందు కన్న తల్లులు, గర్భం దాల్చకముందే ఫోలిక్ ఆమ్లం ఆరంభిస్తే, అటువంటి లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది.

ఇక్కడొక విషయం గమనించండి. మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాడీనాళం గర్భధారణ జరిగిన 28 రోజులలోపే మూసుకొంటుంది. నెల తప్పినదని తెలిసేసరికి ఆ గడువు చాలావరకు గడిచిపోతుంది. ఐరన్ మాత్రలు ఆరంభమయ్యేది నాలుగవ నెలలో. కనుక బిడ్డను కోరుకునే స్త్రీ ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. పూర్వం లోపమున్న బిడ్డ పుట్టినవారికి మోతాదు అంతకన్న ఎంతో ఎక్కువ. దానిని వైద్యులే నిర్ణయించాలి. కీళ్లవాతానికో, సోరియాసిస్‌కో మెథోట్రెక్సేట్ వాడుతున్నవారు గర్భం గురించి ఆలోచించకముందే వైద్యులకు తెలపాలి.

తోటకూర, పాలకూర, పెసలు, శనగలు తప్పక తినండి. అయితే ఎక్కువసేపు ఉడికిస్తే ఫోలేటు నశిస్తుంది; ఆకుకూర తిన్నాం కదా అని మాత్ర మానకండి. మీ ఇంట కొత్త కోడలో, కూతురో ఉంటే ఈ మాట నేడే చెప్పండి. నెల తప్పేదాకా ఆగవద్దు.